బ్రిటన్ రాజకీయ వార్తలు చదవడం నేర్చుకుందాం, 5వ పాఠం: థాచర్‌కు తగ్గిన ఆ రెండు ఓట్లు

పోయిన పాఠం చివర ఒక చిన్న లెక్క ఇచ్చాను, అదే కొంప ముంచింది. 1990 నవంబర్ 20న కన్సర్వేటివ్ పార్టీ నాయకత్వానికి ఓటింగ్ జరిగింది, అప్పటి ప్రధాని మార్గరెట్ థాచర్‌కు 204, ఆమె మీద నిలబడ్డ సొంత పార్టీ ఎంపీ మైకేల్ హెసెల్టైన్‌కు 152, ఫలితం ఏమిటి అని అడిగాను. సగం మంది "థాచర్ గెలిచారు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆమె రెండు రోజులకే రాజీనామా ప్రకటించారని తెలిసినవాళ్లు "హెసెల్టైన్" అని రాశారు గానీ, 204 కంటే 152 ఎలా ఎక్కువైందో రాయలేదు. ఒకరైతే అంకెలు తారుమారయ్యాయేమో చూసుకోండి మాస్టారూ అని నాకే జాగ్రత్త చెప్పారు. తారుమారు కాలేదండీ. ఈ వారం లేబర్ పార్టీ గురించి చెబుదామనుకున్నాను, అది పక్కన పెట్టేశాను.

పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్‌లో మెజారిటీ ఉన్న పార్టీకి నాయకుడే ప్రధాని, నాయకత్వం పోతే ఆ కుర్చీ కూడా పోతుంది. ఇది తెలిసిందే, ముందుకెళదాం.

అప్పట్లో కన్సర్వేటివ్ పార్టీ నాయకుణ్ణి ఆ పార్టీ ఎంపీలే ఎన్నుకునేవారు, రహస్య బ్యాలెట్‌తో. ఎమ్మెల్యేలను హోటల్లో పెట్టి తలలు లెక్కపెట్టే క్యాంపులు చూసిన మనకు ఇది కాస్త కొత్త. ఎదురుగా "మీ వెంటే ఉన్నాం మేడమ్" అన్న మనిషి లోపలికెళ్లి ఎవరికి గీత పెట్టాడో దేవుడికే తెలియాలి. మొదటి రౌండ్‌లోనే గెలవాలంటే రెండు షరతులు. మొత్తం ఎంపీల్లో సగానికి పైగా రావాలి, పైగా రెండో వ్యక్తి మీద 15 శాతం ఆధిక్యం ఉండాలి. ఆ పార్టీ ఎంపీలు 372 మంది, సగం దాటాలంటే 187. థాచర్‌కు 204 వచ్చాయి, మొదటి షరతు తీరింది.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే చోటికి వద్దాం. 15 శాతం అంటే దేంట్లో 15 శాతం? పోలై చెల్లిన ఓట్లలో అనుకుని లెక్క కడతారు అందరూ. కాదు, ఓటు హక్కు ఉన్న మొత్తం 372 మందిలో. 372లో 15 శాతం 55.8, మనిషిని ముక్కలు చెయ్యలేం కాబట్టి 56. ఆమె ఆధిక్యం 204 లోంచి 152 తీస్తే 52. నాలుగు తక్కువ. చెల్లిన 356 ఓట్లలోనే లెక్కేస్తే 54 చాలు, అంటే అప్పుడు కూడా దాటేవారు కాదు, కానీ రెండే తక్కువ. మిగిలిన 16 మంది ఓటు వెయ్యలేదు లేదా చెల్లకుండా వేశారు. వాళ్లు తటస్థులని రాసినవాళ్లు ఇంకోసారి చూడండి, ఆ పదహారులో నలుగురు ఆమెకు వేసినా 208, ఆధిక్యం 56, గండం గట్టెక్కేది. ఊరుకున్నవాడు కూడా ఆమెకు అడ్డమే పడ్డాడు.

ఇక నాలుగు తక్కువ అంటే నలుగురు మనసు మార్చుకోవాలి అనుకోవడం రెండో పొరపాటు. తక్కెడ గుర్తు తెచ్చుకోండి (థాచర్ నాన్న గ్రాంథమ్‌లో కిరాణా కొట్టు నడిపేవారు, ఈ పోలిక ఆవిడకు నచ్చేదేమో). ఈ పళ్లెంలోంచి ఒక రాయి తీసి ఆ పళ్లెంలో వేస్తే తేడా ఒకటి మారదు, రెండు మారుతుంది. ఇద్దరు ఎంపీలు హెసెల్టైన్‌ను వదిలి ఇటు వచ్చుంటే 206, 150, తేడా సరిగ్గా 56. 1979, 1983, 1987 ఎన్నికలు మూడూ గెలిచిన మనిషి ఇద్దరి దగ్గర ఆగిపోయారు.

ఆ ఇద్దరు ఎందుకు దొరకలేదంటే కారణాలు బోలెడు. అందరి మీదా ఒకేలా పడే పోల్ ట్యాక్స్ మీద జనం కోపం, యూరప్ విషయంలో సొంత మంత్రులతో తగువు, చివరికి ఉప ప్రధాని జెఫ్రీ హౌ రాజీనామా. ఆయన నవంబర్ 13న సభలో, ఓపెనర్లను బ్యాటింగ్‌కు పంపాక చూసుకుంటే వాళ్ల బ్యాట్లను ఆటకు ముందే కెప్టెనే విరగ్గొట్టినట్టు ఉందని వాపోయారు. క్రికెట్ తెలిసినవాళ్లకు ఇంకేం వివరించాలి. మర్నాడే హెసెల్టైన్ పోటీకి దిగారు.

ఫలితం వచ్చిన సాయంత్రం థాచర్ లండన్‌లో లేరు, పారిస్‌లో శిఖరాగ్ర సమావేశంలో ఉన్నారు. బ్రిటిష్ ఎంబసీ బయట బీబీసీ విలేకరి కెమెరా వైపు తిరిగి ఏదో చెబుతుండగా థాచర్ ఆయన వెనక ఉన్న మెట్లు దిగి వచ్చేశారు, ప్రెస్ కార్యదర్శి ఆ విలేకరిని పక్కకు నెట్టేశారు, ఆమె మైకు ముందు నిలబడి రెండో రౌండ్‌లోనూ పోటీ చేస్తానన్నారు. మర్నాడు రాత్రి క్యాబినెట్ మంత్రులు ఒక్కొక్కరే ఆమె గదిలోకి వెళ్లారు. చాలామంది చెప్పింది ఒకటే, నా ఓటు మీకే గానీ మీరు గెలవరు. 22న తప్పుకుంటున్నట్టు ప్రకటించారు.

27న రెండో రౌండ్, థాచర్ మంత్రులు జాన్ మేజర్, డగ్లస్ హర్డ్ కొత్తగా దిగారు. జాన్ మేజర్ 185, హెసెల్టైన్ 131, డగ్లస్ హర్డ్ 56. ఈసారి మెజారిటీ చాలు, అంటే 187. మేజర్‌కూ రెండే తక్కువ! కానీ మిగతా ఇద్దరూ తప్పుకున్నారు, ఆయన ప్రధాని అయ్యారు.

నేను వార్త చదివేటప్పుడు ఎదుటివాడి ఓట్లు చూడను, అది నా అలవాటు. మొత్తంలోంచి నాయకుడికి వచ్చినవి తీసేస్తాను. 1989లో ఆంథనీ మేయర్ అనే, గెలిచే ఆశే లేని ఎంపీ థాచర్ మీద నిలబడితే ఆమెకు 314, ఆయనకు 33. ఘన విజయమే కదా? మొత్తం 374లోంచి 314 తీస్తే 60, ఆమె వెంట లేనివాళ్లు అంతమంది. తర్వాతి ఏడాదికి అది 168 అయింది. రూల్స్ తర్వాత మారాయి, అయినా ఈ తీసివేత ఇప్పటికీ పనికొస్తుంది. 2018 డిసెంబర్‌లో అదే పార్టీ ప్రధాని థెరెసా మే సొంత ఎంపీల దగ్గర 200, 117తో విశ్వాస ఓటు గెలిచినప్పుడు, ఇక ఏడాది వరకు మళ్లీ ఓటింగ్ పెట్టకూడదన్న రూల్ చూసుకుని, ఢోకా లేదని నేను మిత్రుడితో బిర్యానీ పందెం కాశాను. 2019 మేలో ఆమె రాజీనామా ప్రకటించారు, బిర్యానీ నేనే కొనిపెట్టాను. 117 వైపు చూడకుండా రూల్ వైపు చూశాను మరి. బోరిస్ జాన్సన్ 2022 జూన్ 6న 211, 148తో గెలిచి జులై 7న దిగిపోతానన్నారు. ఆ పందెం ఎవరూ కాయలేదు, కాసుంటే గెలిచేవాణ్ణి.

అభ్యాసం. థాచర్ నాయకురాలైన ఎన్నిక ఇది: 1975 ఫిబ్రవరి 4, ఎంపీలు 276 మంది, థాచర్ 130, అప్పటి నాయకుడు ఎడ్వర్డ్ హీత్ 119, హ్యూ ఫ్రేజర్ 16. షరతులు పైన చెప్పినవే. మొదటి రౌండ్‌లో ఏ షరతు తప్పింది, ఎన్ని ఓట్లతో? ఓటు వెయ్యనివాళ్లు, చెల్లకుండా వేసినవాళ్లు కలిపి ఎంతమంది? తేడా 11 ఓట్లే అయినా హీత్ రెండో రౌండ్‌కు ఆగకుండా ఎందుకు తప్పుకున్నారు? రెండో రౌండ్‌లో థాచర్‌కు 146, విలియం వైట్‌లాకు 79 వచ్చాయి, ఆ 146 ఎందుకు సరిపోయింది? ఒక్క ముక్క జవాబులు ఈసారి చదవను, తీసివేతలన్నీ కాగితం మీద కనిపించాలి.