పార్కిన్సన్స్‌కి మెదడు ఆపరేషన్: ఒప్పుకునే ముందు

ముందు వారం రోజులు డైరీ రాయండి. సిండోపా (లెవోడోపా ఉన్న మాత్ర) ఎన్నింటికి వేశారు, ఎంతసేపటికి పనిచేసింది, ఎప్పుడు ఒళ్లు బిగిసింది, ఎప్పుడు మెలికలు తిరిగింది, అన్నీ గంటగంటకీ. స్కానులో కనపడనిది డాక్టరుకి ఇక్కడ దొరుకుతుంది.

తర్వాత లెవోడోపా పరీక్ష అడగండి. రాత్రి నుంచి సుమారు 12 గంటలు మందు ఆపించి నడక, బిగుతు, వణుకులకి మార్కులు వేస్తారు. మందిచ్చి మళ్లీ వేస్తారు. ఇంట్లో సొంతంగా మాత్రం ఆపొద్దు. కనీసం 30 శాతం తేడా కనిపిస్తేనే డీబీఎస్‌కి, అంటే మెదడుకి కరెంటు ఇచ్చే ఆపరేషన్‌కి, ముందడుగు. వణుకు తప్ప, మందుకి లొంగనిది సాధారణంగా కరెంటుకీ లొంగదు. మతిమరుపు, మందు పనిచేస్తున్నప్పుడూ తూలిపడటం దీంతో తగ్గవు. మాట ఇంకాస్త ముద్దవ్వచ్చు కూడా.

డీబీఎస్ అంటే మెదడులో సన్నని తీగలు, ఛాతీ చర్మం కింద బ్యాటరీ. మామూలు బ్యాటరీని దాదాపు 3-5 ఏళ్లకి మార్చాలి. రక్తస్రావం, ఇన్ఫెక్షన్ భయం కొద్దిగా ఉంటుంది, కానీ కరెంటు ఆపెయ్యొచ్చు. ఇంకో దారి ఫోకస్డ్ అల్ట్రాసౌండ్, అంటే ధ్వని తరంగాల వేడితో మెదడులో చిన్న చోటుని కాల్చడం. దీనికి కోత లేదు, అయితే కాలిన చోటు మళ్లీ మామూలవదు.

శ్రీకాకుళం వాళ్లు అసలు లెక్కెయ్యాల్సింది ప్రయాణం. కరెంటు మోతాదు సర్దడానికి మొదటి ఆర్నెల్లలో చాలాసార్లు వెళ్లాలి. హైదరాబాదులో చేయించుకుంటే అదే యంత్రాన్ని విశాఖలో సర్దేవాళ్లున్నారా? పలాస నుంచి ప్రతిసారీ తోడెవరొస్తారు? బ్యాటరీ మార్పు ఖర్చెంత? సంతకానికి ముందే అడగండి.

ఆపరేషనయ్యాక ఊళ్లో ఫిజియోథెరపీకి వెళ్తే డయాథర్మీ (యంత్రంతో ఒంటి లోపల వేడి పుట్టించే చికిత్స) పెట్టనివ్వకండి. ఆ వేడి తీగ వెంట మెదడుకి చేరి ప్రాణం మీదికి తెస్తుంది.