ఎక్స్‌ఎఫ్‌సీఈలో విండో అంచులు మనమే గీసుకుందాం

లినక్స్‌లో వాడే డెస్క్‌టాప్ ఎక్స్‌ఎఫ్‌సీఈకి థీమ్ అనగానే అందరూ రంగుల మీద పడతారు. నేనైతే విండో అంచులతో మొదలెట్టమంటాను. సిస్టమ్‌లోని డిఫాల్ట్ థీమ్‌ను హోమ్‌లోని ‘.థీమ్స్’ ఫోల్డర్‌లోకి కాపీ చేసి పేరు మార్చండి. విండో అంచులు, బటన్ల బొమ్మలు అందులోని ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం4 (ఎక్స్‌ఎఫ్‌సీఈ విండో మేనేజర్ పేరు) ఫోల్డర్‌లో ఉంటాయి, దానితోనే మన పని.

క్లోజ్ బటన్ ఒక్కదానికే నాలుగు బొమ్మలు కావాలి: విండో వాడుతున్నప్పుడు, వెనక్కి వెళ్లినప్పుడు, మౌస్ పైకి వచ్చినప్పుడు, నొక్కినప్పుడు. నాలుగూ ఒకే కొలతలో గీయండి.

టైటిల్ పట్టీ ఎత్తు దాని బొమ్మ ఎత్తును బట్టే వస్తుంది. మనకు చిక్కు ఇక్కడే. ఇంగ్లిష్ అక్షరాలకు చాలిన ఎత్తులో తెలుగు ఒత్తులు తెగిపోతాయి. ‘రాష్ట్ర బడ్జెట్’ అని ఓ ఫైలుకు పేరు పెట్టి తెరవండి, ట వత్తు, దాని కింద రా వత్తు పూర్తిగా కనిపించేదాకా పెంచండి. అందం కాస్త తగ్గినా ఫర్వాలేదు.

మార్పు కనబడకపోతే టెన్షన్ వద్దు. విండో మేనేజర్ సెట్టింగ్స్‌లో వేరే థీమ్ నొక్కి, మళ్లీ మీది నొక్కండి.