గింప్‌లో వంపు గీతల ప్లగిన్ మెనూలో కనబడకపోతే

బొమ్మలు దిద్దే ప్రోగ్రామ్ గింప్‌లో వంపు గీతలు గీసే పైథాన్ ప్లగిన్‌ను (అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రామ్‌ను) స్నేహితులకు పంపేటప్పుడు ఒట్టి ఫైల్ కాదు, ఫోల్డర్‌నే జిప్ చేసి పంపండి. గింప్ 3లో ప్రతి ప్లగిన్‌కూ సొంత ఫోల్డర్ ఉండాలి, దాని పేరు లోపలి ఫైల్ పేరుతో అక్షరం పొల్లు పోకుండా కలవాలి. చివరి డాట్ పీవై మాత్రం ఫోల్డర్‌కు అక్కర్లేదు. ఫైల్‌ను రెండోసారి డౌన్‌లోడ్ చేస్తే పేరు చివర బ్రాకెట్‌లో 1 చేరుతుంది చూడండి, అంతే, ప్లగిన్ మాయం! విండోస్‌లో జిప్ విప్పితే ఫోల్డర్‌లో అదే పేరుతో ఇంకో ఫోల్డర్ వస్తుంటుంది. లోపలిదాన్నే ప్లగిన్స్ ఫోల్డర్‌లో పెట్టాలి. ఆ చోటు ఎక్కడో ఎడిట్, ప్రిఫరెన్సెస్, ఫోల్డర్స్, ప్లగిన్స్‌లో కనిపిస్తుంది.

లినక్స్‌లో ఫైల్‌కు ఎగ్జిక్యూట్ అనుమతి కూడా ఇవ్వాలి. తర్వాత గింప్‌ను మూసి తెరవండి.

అయినా రాకపోతే టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే విండో) నుంచి గింప్ నడపండి. తప్పు ఏమిటో అదే చెబుతుంది. 'గింప్‌ఫూ' అనే పాత మాడ్యూల్ దొరకలేదంటే అది పైథాన్ 2 కాలం నాటి ప్లగిన్. ఫోల్డర్లు ఎంత సర్దినా గింప్ 3లో నడవదు, తిరగరాయాల్సిందే.

ప్లగిన్ నడిచినా గీత పడలేదా? చాలాసార్లు పాత సెలెక్షన్ (ఇంతకుముందు ఎంచుకున్న భాగం) ఎక్కడో మూలన మిగిలి ఉంటుంది, దాని బయట రంగు అంటదు. కంట్రోల్, షిఫ్ట్, ఎ నొక్కి తీసేయండి. లేయర్‌కు తాళం ఉందేమో, ఫోర్‌గ్రౌండ్ రంగు కాగితం రంగే అయిందేమో కూడా చూడండి.