యుకులేలే స్వయంబోధిని – మూడవ పాఠం: అడిగి తెలుసుకోవడం, పట్టి చూసి కొనడం

గత పాఠంలో చిన్న గిటారులా ఉండే ఈ యుకులేలే వాద్యం భాగాల పేర్లనూ, నాలుగు తీగల శ్రుతినీ తెలుసుకున్నాము. జి, సి, ఇ, ఎ అనే ఆ వరుసను, సి ని షడ్జమంగా పెట్టుకొని ప, స, గ, ద అని గుర్తుంచుకోమన్నాను. "పస గద" అని ఒకసారి పలికినవారు దానిని మరచిపోలేరు. ఇక కొనుగోలు సంగతి.

ఇప్పటికే వాయిస్తున్నవారిని సలహా అడగడం మంచి పనే, కానీ "ఏది మంచిది?" అని అడిగితే ఎవరికివారు తమ చేతిలో ఉన్నదానినే పొగుడుతారు. అందుకు బదులుగా "మీరు మొదట కొన్నది ఏది? దానిని ఎందుకు మార్చారు?" అని అడగండి. వేళ్లు ఇరుక్కున్నాయనీ, ధ్వని పలచగా ఉందనీ, శ్రుతి నిలవలేదనీ వారు చెప్పే కారణాలలోనే మీకు కావలసిన సమాచారమంతా ఉంటుంది. వారు ఏమి వాయిస్తారో కూడా కనుక్కోండి, ఎందుకంటే పాటకు తోడుగా కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) మీటుకొనేవారి అవసరం వేరు, పల్లవిని స్వరం స్వరంగా పలికించేవారి అవసరం వేరు.

ఈ తేడా ముందుగా సైజులో బయటపడుతుంది. అంగళ్లలో సొప్రానో సుమారు 21 అంగుళాలు, కాన్సర్ట్ 23, టెనర్ 26, బారిటోన్ 30 అని రాసి ఉంటుంది. ఇది వాద్యం మొత్తం పొడవు. మెడ కొసనున్న నట్ నుంచి పలకమీది బ్రిడ్జి వరకు మోగే తీగ పొడవు వరుసగా దాదాపు 13, 15, 17, 19 అంగుళాలే. సొప్రానో కార్డులకు చురుకుగా పలుకుతుంది గాని, లావు వేళ్లవారికి మెట్లు ఇరుకవుతాయి. పెద్దవారు నేర్చుకొనడానికి కాన్సర్ట్ సరిపోతుందని నా అభిప్రాయం. టెనర్ వాయించేవారిలో కొందరు నాలుగో తీగగా (తీగల లెక్క ఎ నుంచి మొదలవుతుంది కనుక నాలుగోది జి) లావుపాటి "లో జి" తీగను కట్టుకుంటారు. అప్పుడు పంచమం మంద్రస్థాయికి దిగి, షడ్జమం కిందికి వెళ్లే సంగతులకు చోటు దొరుకుతుంది. అటువంటి మిత్రుని వాద్యం విని ముచ్చటపడి సొప్రానో కొంటే ఆ నాదం రాదు. బారిటోన్‌కు సాధారణంగా డి, జి, బి, ఇ శ్రుతి కనుక దానితో ఈ పాఠాలు నడవవు.

కర్ర విషయంలో సలహాలు కొంత అతిగా ఉంటాయి. 1879లో మదీరా దీవి నుంచి రేవన్స్‌క్రాగ్ అనే ఓడలో హొనొలులు చేరిన వలసదారులలోని వడ్రంగులు, తమ చిన్న తీగవాద్యం పోలికలో హవాయి కోవా కర్రతో దీనిని తయారుచేశారు. అందుకే కోవా అంటే నేటికీ గౌరవం. అది మన తుమ్మకు చుట్టమని తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. బొబ్బిలి ఏకాండి వీణను పనస దుంగలో తొలిచినట్లే, ఇక్కడా అసలు కర్ర పలకకు నాదం పండుతుంది, కానీ అది ఎండకూ తేమకూ తట్టుకోదు. పొరలు అతికించిన లామినేట్ పలక మొదటి ఏడాదికి చాలు. రెండింటినీ గుర్తుపట్టాలంటే ధ్వనిరంధ్రం అంచును దీపం కింద చూడండి: పైనున్న చార అంచు లోనికి కూడా దిగితే అసలు కర్ర, పొరలు కనిపిస్తే లామినేట్.

సలహా మనలను మోడల్ వరకే తీసుకువెళ్తుంది. ఒకే మోడల్‌లో ఒకటి బాగుండి, పక్కది బాగుండకపోవచ్చు. నా మొదటి వాద్యం పన్నెండో మెట్టు దగ్గర ఎక్కువ శ్రుతిలో పలికేది. తప్పు నా వేలిదేననుకొని రెండు నెలలు సాధన చేశాను. ఆ పరీక్ష ఇలా చేయాలి. ఫోనులోని ట్యూనర్‌తో మొదటి తీగను ఎ కు కచ్చితంగా శ్రుతి చేసి, పన్నెండో మెట్టు వద్ద అదిమి మీటండి. అదే స్వరం తారస్థాయిలో రావాలి. నాలుగైదు సెంట్ల (సెంటు అంటే పక్కపక్క మెట్ల స్వరాల మధ్య దూరంలో నూరోవంతు) తేడా చెవికి పట్టదు. పదిహేను దాటితే ఆ వాద్యాన్ని వదిలేయండి. తక్కిన మూడు తీగలకూ ఇదే పరీక్ష. అదే చోట చిన్న స్కేలు నిలబెట్టి మెట్టు నుంచి తీగ ఎత్తు చూస్తే మూడు మిల్లీమీటర్ల లోపు ఉండాలి. అంతకు మించితే వేలు నొవ్వడమే కాక శ్రుతి కూడా పైకి జారుతుంది. ఒక్కొక్క మెట్టునూ మీటుతూ బరబర శబ్దం వస్తుందేమో వినండి, మెడ అంచు వెంట బొటనవేలు జార్చి మెట్ల కొసలు గీరుకుంటున్నాయేమో చూడండి.

అనుభవజ్ఞుడైన మిత్రుడు వెంట వస్తే, మీరు వెనుదిరిగి నిలబడి, అతనిచేత రెండు వాద్యాలపై ఒకే పాట వాయించుకొని వినండి. పేరూ ధరా కనబడనప్పుడు చెవి నిజం చెబుతుంది. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు ముందే చదువుకొని, పెట్టె విప్పిన రోజే ఈ పరీక్షలన్నీ పూర్తిచేయండి. కొత్త తీగలు కొన్ని రోజుల వరకు సాగుతూనే ఉంటాయి కనుక, శ్రుతి దిగిపోతున్నదని మాత్రం వెంటనే వాపసు చేయకండి.

అభ్యాసం: వచ్చే పాఠం వరకు రోజుకు రెండుసార్లు ప, స, గ, ద శ్రుతి చేయండి. మొదటి తీగ మూడో మెట్టుపై ఉంగరపు వేలు ఒక్కటే పెట్టి పలికించే సి కార్డుతో నాల్గవ పాఠం మొదలవుతుంది.