పాత కంపెనీ ఎగ్జిట్ డేట్ వేయకపోతే

పరవాడ ఫార్మాసిటీలోనో, ఆటోనగర్‌లోనో కాంట్రాక్టరు కింద చేసి మానేసినవాళ్లు చాలామంది పీఎఫ్ కోసం పాత ఆఫీసు చుట్టూ తిరుగుతుంటారు. మీ పీఎఫ్ ఖాతాలో మానేసిన తేదీ (ఎగ్జిట్ డేట్) మేమే వేయాలి అంటూ ఆ ఆఫీసువాళ్లు బెట్టు చేస్తారు. ఏం అక్కర్లేదు. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా చివరిసారి పడిన నెల నుంచి రెండు నెలలు ఆగి, పీఎఫ్ చూసే సంస్థ ఈపీఎఫ్‌ఓ మెంబర్ పోర్టల్‌లో యూఏఎన్‌తో (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబరు) లాగినై, ‘మేనేజ్’ కింద ‘మార్క్ ఎగ్జిట్’ నొక్కి మీరే వేసుకోవచ్చు. ఓటీపీ ఆధార్‌కు లింకైన ఫోనుకే వస్తుంది, ఆ సిమ్ పారేయకండి బాబూ. తేదీ మాత్రం చివరి వాటా పడిన నెలలోదే ఉండాలి. పీఎఫ్ పాస్‌బుక్ ముందు పెట్టుకుని వేయండి, తప్పు పడితే దిద్దించుకోవడం పెద్ద తలనొప్పి. కొత్తచోట చేరుతుంటే మాత్రం డబ్బు తీసేయకుండా అదే యూఏఎన్ ఇచ్చి బదిలీ చేయించుకోవడమే నయం. మొత్తం సర్వీసు 10 ఏళ్లు నిండితే పింఛనుకు అర్హత వస్తుంది.