ఆమ్ల వర్షం రాతిని, లోహాన్ని ఎలా తినేస్తుందో ఇంట్లోనే పరీక్షించే విధానం

కల్మషం లేని వాన నీరు కూడా కొద్దిగా ఆమ్ల గుణం కలిగే ఉంటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అందులో కరగడం వల్ల దాని పీహెచ్ (ఆమ్లత్వాన్ని తెలిపే కొలత) సుమారు 5.6 దగ్గర నిలుస్తుంది. బొగ్గు, చమురు మండినప్పుడు వెలువడే సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు గాలిలోని తేమతో కలిసి గంధకామ్లంగా, నత్రికామ్లంగా మారితే ఆ విలువ ఇంకా పడిపోతుంది. అదే ఆమ్ల వర్షం. పీహెచ్ ఒక అంకె తగ్గిందంటే ఆమ్లత్వం పది రెట్లు పెరిగిందని అర్థం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని ఉపాధ్యాయులు, విద్యార్థులు ఈ పరీక్షను సులువుగా చేయవచ్చు. ఒక పాలరాయి ముక్క, కళింగపట్నం తీరంలో దొరికే ఆల్చిప్ప, ఒక నల్లరాయి ముక్క, రంగు వేయని ఇనుప మేకు, జీఐ రేకు (జింకు పూత వేసిన ఇనుప రేకు) ముక్క, రాగి తీగ సిద్ధం చేసుకోవాలి. ఇవన్నీ రెండేసి చొప్పున ఉండాలి. బడిలో వాడే సుద్దముక్కను మాత్రం తీసుకోవద్దు, ఎందుకంటే ఇప్పటి సుద్దముక్కలు చాలావరకు జిప్సంతో చేసినవి కాబట్టి ఆమ్లంలో వేసినా పొంగవు. ఒక్కో వస్తువును బాగా ఆరబెట్టి, బంగారం తూచే చిన్న త్రాసు మీద తూకం వేసి రాసుకోవాలి. తర్వాత ప్రతి రకంలో ఒకదాన్ని విడివిడి గాజు గ్లాసుల్లో వెనిగర్‌లోను, రెండోదాన్ని అలాగే మంచినీటిలోను ఉంచాలి. రాగి తీగను సగం వరకే ముంచాలి. వాయువు బయటికి పోవాలి కాబట్టి గ్లాసులకు బిగుతుగా మూత పెట్టకూడదు.

పాలరాయి మీద, ఆల్చిప్ప మీద వెంటనే సన్నని బుడగలు లేస్తాయి. రెండింటిలోనూ ఉన్నది కాల్షియం కార్బొనేట్. ఆమ్లం తగలగానే అది కరిగి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. రెండు రోజుల తర్వాత తీసి వేలితో తడిమితే పాలరాయి నునుపు పోయి గరుకుగా తగులుతుంది. నల్లరాయిలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించదు. జీఐ రేకు మీది జింకు పూత మెరుపు తగ్గి మసకబారుతుంది. రాగి తీగకు వెనిగర్ అంచు తగిలే చోట, గాలి కూడా అందుతుంది కాబట్టి, పచ్చని చిలుము పడుతుంది. మేకు విషయమే అన్నిటికన్నా గమనించదగ్గది. మంచినీటిలోని మేకు ఎర్రగా తుప్పు పడుతుంది, వెనిగర్‌లోనిది ముదురు బూడిద రంగులోనే ఉండిపోతుంది. అయినా కడిగి, ఆరబెట్టి తూచినప్పుడు దాని బరువు తగ్గినట్టు తేలుతుంది. అందుచేత ఎర్ర రంగును చూసి మాత్రమే నష్టాన్ని అంచనా వేయకూడదు.

వెనిగర్ నిజమైన ఆమ్ల వర్షం కన్నా ఎంతో ఘాటైనదని పిల్లలకు తప్పక చెప్పాలి. ఏళ్ల తరబడి జరిగే పనిని అది రోజుల్లో చూపిస్తుంది, అంతే. గంధకామ్లం సున్నపురాతిని జిప్సంగా మార్చే తీరును అది చూపలేదు. ఆ జిప్సం వాన తగిలే చోట కొట్టుకుపోతుంది, వాన తగలని మరుగుల్లో మసిని పట్టుకుని నల్లని పెచ్చుగా పేరుకుంటుంది.

మీ ఊరి వానను కొలవాలంటే శుభ్రమైన ప్లాస్టిక్ గిన్నెను చెట్లకు, చూరుకు దూరంగా డాబా మీద పెట్టి, ఆ నీటిలో పీహెచ్ కాగితం ముంచాలి. చాలా రోజుల తర్వాత పడే తొలి జల్లును, ముసురు పట్టాక పడే నీటిని వేర్వేరుగా పట్టి పోల్చాలి. మన నేలల దుమ్ములోని కాల్షియం ఆమ్లాన్ని కొంత విరిచేస్తుంది కాబట్టి విలువ 6 దాటినా ఆశ్చర్యపోనవసరం లేదు.

శ్రీకూర్మం, ముఖలింగం వంటి ఆలయాలకు వెళ్లినప్పుడు కళ్లతో మాత్రమే పరిశీలించండి, శాసనాల మీద చుక్క వెనిగర్ కూడా వేయవద్దు. తూర్పు కనుమల్లో విస్తారంగా దొరికే ఖోండలైట్ అనే రాయిలో సున్నపు పదార్థం ప్రధానం కాదు. అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం క్రమంగా బంకమట్టిగా మారడం వల్ల, గార్నెట్ అనే మరో ఖనిజంలోని ఇనుము తుప్పు పట్టడం వల్ల ఆ రాయి గోధుమ రంగు మరకలతో పొడిబారుతుంది. నాచును, దీపపు మసిని, సముద్రపు ఉప్పుగాలి చేసిన నష్టాన్ని కూడా ఆమ్ల వర్షం ఖాతాలో వేయడం సరికాదు.

ఇంటి జాగ్రత్తలు కొన్నే. ఇనుప గేటుకు వెల్డింగ్ అతుకుల దగ్గర, అడుగు అంచుల దగ్గర ముందుగా తుప్పు గీకి, రెడాక్సైడ్ (తుప్పును అడ్డుకునే అడుగు పూత) పూసి, ఆ పైన రంగు వేయాలి. శ్రీకాకుళం జిల్లా బుడితి ఊరి కంచు, ఇత్తడి సామాన్లను చింతపండుతో తోమాక, ఆ పులుపు మిగలకుండా కడిగి పొడిగుడ్డతో తుడవాలి. పాలరాతి గచ్చు మీద బాత్‌రూమ్ యాసిడ్ ఎప్పుడూ పోయకూడదు.