ఉబ్బిన వీల్ నట్లను స్టడ్డు విరగకుండా మార్చడం ఎలా?

టైరు పంచరైంది. స్టెప్నీ బయటికి తీశారు, జాకీ పెట్టారు. తీరా చూస్తే కారుతో పాటు వచ్చిన పానా నట్టు మీద కూర్చోదు. పోయినసారి చక్కగా కూర్చున్న పానాయే. పానాకేం కాలేదు, మీకు చేతకాకపోవడమూ కాదు. నట్టే లావెక్కింది. కార్ల యజమానుల నోట ఈ ఫిర్యాదు ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. విన్న ప్రతిసారీ తర్వాతి కథ కూడా ఒకటే. ఎవరో సుత్తితో పానాను దిగ్గొట్టారు, గట్టిగా తొక్కారు, నట్టు ఎక్కే మరల కడ్డీ, అదే స్టడ్డు, విరిగింది.

అసలు నట్టు ఎందుకు ఉబ్బుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. చాలా కార్లకు కంపెనీ నుంచి వచ్చే మెరిసే వీల్ నట్టు ఒకే ముక్క కాదు. లోపల మామూలు ఉక్కు నట్టు ఉంటుంది, దాని మీద పలుచని స్టెయిన్‌లెస్ స్టీల్ లేదా క్రోమ్ తొడుగు నొక్కి బిగిస్తారు. అందంగా ఉంటుంది, తయారీ ఖర్చు తక్కువ. కానీ ఆ రెండింటి మధ్యకు నీళ్లు చేరితే లోపలి ఉక్కు తుప్పు పడుతుంది. ఇనుము కంటే తుప్పుకు ఎక్కువ చోటు కావాలి కాబట్టి అది తొడుగును బయటికి తోస్తుంది. 19 మిల్లీమీటర్ల నట్టు 19న్నర అవుతుంది, ఒక్కోసారి ఇంకాస్త పెరుగుతుంది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే చోట్ల ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. టైర్ షాపుల్లో నట్లు బిగించడానికి, విప్పడానికి వాడే గాలి గన్ను ఆ తొడుగు అంచుల్ని నలిపి నీటికి దారి చూపిస్తుంది. అమెరికాలో ఫోర్డ్ కార్ల యజమానులు కొందరు ఈ నట్ల మీద కోర్టుకు కూడా వెళ్లారు. అలాగని ఇది ఒక్క కంపెనీ జబ్బనుకోకండి, తొడుగు నట్టు ఉన్న ఏ కారుకైనా వస్తుంది.

కాబట్టి ఒకటి రెండు నట్లు ఉబ్బాయని ఆ రెండే మార్చి ఊరుకోవద్దు. అవన్నీ ఒకే రోజు బిగించినవి, ఒకే వానలో తడిసినవి. అన్నీ మార్చాలి. మార్చేది కూడా ఇంట్లో, పగటిపూట, తీరిగ్గా ఉన్నప్పుడు. చీకట్లో రోడ్డు పక్కన చేయాల్సిన పని కాదిది.

సామాను

ఆరు మూలల నల్లటి ఇంపాక్ట్ సాకెట్లు (నట్టు మీద టోపీలా దిగేవి, దెబ్బలకు తట్టుకునేవి), వాటికి తగిలించి లాగే పొడుగాటి బ్రేకర్ బార్, టార్క్ రెంచ్ (బిగింపు బలం, అంటే టార్క్, పెట్టుకున్న అంకెకు చేరగానే క్లిక్కుమనే పానా), వైర్ బ్రష్, లావు కొలిచే వెర్నియర్ కాలిపర్, కళ్లద్దాలు, చక్రాలకు అడ్డం పెట్టడానికి రెండు దిమ్మలు. చిన్న సుత్తి, ఉలి దగ్గర పెట్టుకోండి గానీ ముందే చేతిలోకి తీసుకోకండి. పన్నెండు మూలల సాకెట్ ఈ పనికి పనికిరాదు. అది నట్టును మూలల దగ్గర పట్టుకుంటుంది, పలుచని తొడుగు అక్కడే చిరుగుతుంది.

ఈ జాబితాలో జాకీ లేదు. మర్చిపోయి కాదు, కావాలనే రాయలేదు.

కొత్త నట్ల ఎంపిక

ఒకే ముక్కగా చేసిన నట్లే కొనండి. నల్లవే కొనండి. క్రోమ్ పూసినవి కూడా ఒకే ముక్కవి దొరుకుతాయి, వాటి వల్ల నష్టమేమీ లేదు. కానీ షాపులో మెరిసేదాన్ని చూసి అది ఒకే ముక్కో, తొడుగో గుర్తుపట్టడం కష్టం. నల్లదానితో ఆ టెన్షన్ ఉండదు.

మూడు విషయాలు సరిపోవాలి. మొదటిది మర. టొయోటా, హోండా, హ్యుందాయ్ కార్లలో ఎక్కువగా 12 మిల్లీమీటర్ల స్టడ్డు మీద 1.5 మర ఉంటుంది, అంటే ఒక మర నుంచి పక్క మరకు దూరం 1.5 మిల్లీమీటర్లు. నిస్సాన్, సుబారు, సుజుకీలలో అదే లావు మీద 1.25 మర. పెద్ద బళ్లకు 14 మీద 1.5. కొన్ని అమెరికన్ బళ్లకు అర అంగుళం స్టడ్డు, అంగుళానికి 20 మరలు. ఇక్కడ ఒక మోసం ఉంది. అర అంగుళం నట్టు, 12 మీద 1.25 మర ఉన్న స్టడ్డు మీదికి హాయిగా ఎక్కేస్తుంది. రెండింటి మర దాదాపు ఒకటే, నట్టు మాత్రం కాస్త వదులు. ఎక్కింది కదా అని బిగిస్తే ఆ చక్రాన్ని పట్టుకునేది మరల కొసలే. నట్టు చేత్తో తిప్పితే సాఫీగా ఎక్కాలి, కానీ పక్కలకు కదిలిస్తే లొడలొడలాడకూడదు.

రెండోది, నట్టు చక్రానికి ఆనుకునే చోటు. కొన్ని చక్రాలకు 60 డిగ్రీల కోను, హోండా కంపెనీ చక్రాలకు గుండ్రటి అడుగు, చాలా టొయోటా అలాయ్ చక్రాలకు వాషరుతో బల్లపరుపు అడుగు. గుండ్రటి గుంటలో కోను నట్టు పెడితే అది అంచు మీద మాత్రమే ఆనుతుంది. బిగించినప్పుడు బిగువుగానే అనిపిస్తుంది, కొంత దూరం పోయాక వదులవుతుంది. పాత నట్టు ఒకటి పక్కన పెట్టి పోల్చి చూడండి. మూడోది పొడవు, దాని సంగతి బిగించేటప్పుడు చెబుతాను. బీఎండబ్ల్యూ, ఫోక్స్‌వ్యాగన్ లాంటి కార్లకు నట్లుండవు, బోల్టులుంటాయి. వాటికి బోల్టు కాడ పొడవు కూడా అచ్చంగా సరిపోవాలి.

కారు లేపొద్దు

అందరూ ముందు జాకీ పెడతారు. ఎందుకో నాకు అర్థం కాదు. మీరు చక్రం తీయడం లేదు, నట్లు మారుస్తున్నారు. కారును నేల మీదే ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు దిమ్మలు పెట్టి, ఒక నట్టు తీసి దాని చోట కొత్తది బిగించి, ఆ తర్వాతే రెండోదాని జోలికి వెళ్లాలి. చక్రం కదలదు, తిరగదు. మిగతా నట్లు దాన్ని మధ్యలో పట్టుకునే ఉంటాయి. ముఖ్యంగా, మొండికేసిన నట్టు మీద మీరు బలం చూపేటప్పుడు కారు జాకీ మీద ఊగుతూ ఉండదు. నాలుగైదు నట్లు ఒకేసారి తీసేవాళ్ల పద్ధతిలో చివరి నట్టు దగ్గర చక్రం బరువంతా దాని మీదే పడుతుంది. సరిగ్గా ఆ నట్టే ఉబ్బినదై ఉంటుంది.

చక్రం వెనక ఆనుకునే హబ్ ముఖం శుభ్రం చేయడానికి చక్రం ఎలాగూ తీయాలి కదా అని కొందరు వాదిస్తారు. నిజమే. ఆ పని టైర్లు మార్చుకునే రోజు చేసుకోండి. రెండు పనులు కలిపితే రెండూ చెడతాయి.

ఉబ్బిన నట్టు తీయడం

అసలు పని ఇదే. ఇక్కడ తొందరపడేవాళ్లు మిగతా దశలు చదివినా ప్రయోజనం లేదు.

ముందు కొలవండి. నట్టుకు ఆరు పలకలుంటాయి, ఎదురెదురు పలకల మధ్య మూడు చోట్లా కాలిపర్ పెట్టి చూడండి. తుప్పు అన్ని వైపులా ఒకేలా పెరగదు కాబట్టి మూడు కొలతలూ ఒకటి కావు. పెద్ద కొలతను బట్టి సాకెట్ ఎంచుకోండి. ఇలాంటి నట్ల కోసమే 19.5, 21.5 లాంటి అర సైజు సాకెట్లు అమ్ముతారు. ఒక సెట్టు కొనిపెట్టుకోండి. అవి లేకపోతే అంగుళాల సైజులు చూడండి. 13/16 అంగుళం అంటే 20.6 మిల్లీమీటర్లు, మరీ ఉబ్బినదానికి అది సరిపోవచ్చు. ముప్పావు అంగుళం 19.05 మాత్రమే. 19 పట్టని చోట దాన్ని ప్రయత్నించడం టైము దండగ.

సాకెట్ నట్టు అడుగు దాకా దిగాలి. సగం దిగిందంటే దిగనట్టే లెక్క. సగం దిగిన సాకెట్‌తో బలం వేస్తే తొడుగు పై అంచు చిరిగి గుండ్రంగా తయారవుతుంది, ఇక దాన్ని ఏ సాకెట్టూ పట్టదు. కొంచెమే అడ్డుపడుతుంటే చిన్న సుత్తితో సాకెట్ తల మీద తేలిగ్గా తట్టవచ్చు. తట్టమన్నాను, మోదమనలేదు. అదీ నల్లటి ఇంపాక్ట్ సాకెట్ అయితేనే, కళ్లద్దాలు పెట్టుకునే. మెరిసే మామూలు సాకెట్ సుత్తి దెబ్బకు పగిలి ముక్క ఎగరవచ్చు.

ఇప్పుడు బ్రేకర్ బార్ తగిలించి మెల్లగా లాగండి. కాలితో తొక్కొద్దు, ఎగిరెగిరి ఊపొద్దు. బలం నిదానంగా పెరగాలి, చేతికి ఏం జరుగుతోందో తెలియాలి. కిర్రుమని ఒక్క చప్పుడుతో వదిలితే మంచిదే, అది మర విడిన చప్పుడు. అలా కాకుండా మెత్తగా, సాగినట్టుగా తిరుగుతుంటే ఆపేయండి. అయితే లోపలి నట్టు కదలకుండా తొడుగు ఒక్కటే తిరుగుతోంది, లేదా స్టడ్డు మెలితిరుగుతోంది. ఇక్కడ ఆగనివాళ్లే మరునాడు స్టడ్డు విరిగిందని ఫిర్యాదు చేసేది.

నట్టు వదిలాక కూడా ఒకే ఊపులో తిప్పేయకండి. ఇసుక నలిగినట్టు గరగరలాడితే అర చుట్టు వెనక్కి బిగించి మళ్లీ విప్పండి. అలా ముందుకూ వెనక్కూ తిప్పితే మరల్లోని తుప్పు రాలుతుంది.

నూనె పోయమని ప్రతివాడూ సలహా ఇస్తాడు. ఈ నట్లకు పైన మూత ఉంటుంది, పోసిన నూనె మరల దాకా ఎలా వెళ్తుంది? చక్రం మీదుగా కారి బ్రేక్ డిస్క్ మీద పడుతుంది, అంతే.

తొడుగు తిరిగిపోతే దాన్ని ఒలిచేయాలి. ముందు చక్రానికి గీతలు పడకుండా నట్టు చుట్టూ పలుచని రేకు అడ్డం పెట్టండి. తొడుగు అడుగున, అది లోపలి నట్టును పట్టుకున్న అంచు దగ్గర ఉలి పెట్టి, నట్టు విప్పే దిక్కుగా ఏటవాలుగా చిన్న చిన్న దెబ్బలు వేయండి. అంచు లేచాక ప్లయర్‌తో ఒలవవచ్చు. లోపలి నట్టుకు కూడా ఆరు పలకలుంటాయి, సైజు చిన్నది, తుప్పుతో గరుకుగా ఉంటుంది. తేలిగ్గా తడితే బిగుతుగా దిగే సాకెట్ ఏదో వెతకండి, సులువుగా దిగేది వద్దు. అదీ జారిపోతే లోపల మెలికల పళ్లున్న ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ వాడండి. తిప్పేకొద్దీ అది నట్టును కరుస్తుంది. దాన్ని మొదటే వాడితే ఏమంటారా? అది తొడుగును కరిచి చింపుతుంది, లోపలి నట్టు దాకా పోదు.

నట్టు సాకెట్‌లోనే ఇరుక్కుపోతే వెనక చదరపు రంధ్రంలోంచి కడ్డీతో తట్టి బయటికి తీయండి.

మంట మాత్రం పెట్టొద్దు. గ్యాస్ టార్చ్‌తో ఎర్రగా కాల్చి విప్పినవాళ్ల వీడియోలు చాలా కనిపిస్తాయి. గాలి నిండిన టైరున్న చక్రాన్ని కాలిస్తే లోపలి రబ్బరు వేడెక్కి వాయువులు పుడతాయి, టైరు పేలి మనుషులు చచ్చిపోయిన ఘటనలున్నాయి. ఎక్స్‌ట్రాక్టర్‌కు కూడా లొంగకపోతే మీ పని అక్కడితో అయిపోయింది, వర్క్‌షాప్‌కు అప్పగించండి. స్టడ్డు విరిగినా అంతే. మిగతావి ఉన్నాయి కదా అని నెలల తరబడి తిరగొద్దు, ఆ బరువు పక్క స్టడ్ల మీద పడుతుంది.

కొత్తది బిగించడం

స్టడ్డును వైర్ బ్రష్‌తో రుద్ది పొడిగుడ్డతో తుడవండి. గ్రీజు, నూనె ఏదీ రాయొద్దు. టార్క్ అంకెలు పొడి మరల కోసం లెక్కగట్టినవి. నూనె రాస్తే అదే అంకెకు స్టడ్డు మీద లాగుడు చాలా ఎక్కువ పడుతుంది.

నట్టును చేత్తోనే ఎక్కించండి. కనీసం స్టడ్డు లావు ఎంతో అంత పొడవున మర పట్టాలి. 12 మీద 1.5 అయితే 8 చుట్లు, 1.25 అయితే సుమారు 10. అంతకంటే తక్కువ చుట్లకే ఆగిపోతే నట్టు పొడవు తప్పు. సాకెట్‌తో ఒక మోస్తరుగా బిగించి పక్క నట్టుకు వెళ్లండి.

చక్రంలోని నట్లన్నీ మారాక టార్క్ రెంచ్ తీసుకుని నక్షత్రం గీసినట్టు ఒకదాని తర్వాత దాని ఎదుటిదాన్ని బిగించండి. ముందు సగం టార్క్, తర్వాత పూర్తి టార్క్. అంకె మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది. చాలా కార్లకు 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య, 14 మిల్లీమీటర్ల స్టడ్లున్న బళ్లకు ఇంకా ఎక్కువ. ఒక్క క్లిక్కు చాలు. గట్టిదనం కోసం రెండోసారి, మూడోసారి క్లిక్కుమనిపించడం గట్టిదనం కాదు, అదనపు టార్క్. ఇక టార్క్ రెంచ్‌తో నట్లు విప్పేవాళ్లకు నేను నా రెంచ్ ఇవ్వను.

80 నుంచి 160 కిలోమీటర్లు తిరిగాక, చక్రాలు చల్లగా ఉన్నప్పుడు మళ్లీ అన్నింటికీ టార్క్ చూడండి. ఏ నట్టయినా బాగా తిరిగితే ఆ చక్రం దగ్గర అడుగు ఆనడం లేదనో, మరల్లో మురికి ఉందనో అర్థం. విప్పి చూడండి.

చివరగా డిక్కీ తెరవండి. కొత్త నట్ల తల సైజు పాతవాటి సైజే కానక్కర్లేదు. కంపెనీ పానా వాటి మీద కూర్చుంటుందో లేదో ఇప్పుడే పెట్టి చూసి, కూర్చోకపోతే సరిపోయేది కొని స్టెప్నీ పక్కనే పడేయండి. స్టెప్నీ ఇనుప చక్రమైతే దాని గుంటల్లో కూడా ఒక కొత్త నట్టు పెట్టి ఆనుతోందో లేదో చూడండి. వాషరున్న నట్లు ఇనుప చక్రానికి పనికిరాకపోతే స్టెప్నీ కోసం ఒక సెట్టు కోను నట్లు విడిగా ఉంచుకోవాలి.